బెండు ఎక్కడ కట్టాలి?

పుదుచ్చేరిలో 4 రోజుల స్కూబా డైవింగ్ కోర్సు ముగించుకుని కావలికి తిరిగి వచ్చిన వారానికి నా ఫోనుకు ఒక వీడియో వచ్చింది. నిడివి నిమిషం 10 సెకన్లు. బంగాళాఖాతంలో 12 మీటర్ల లోతున నేను. రాత్రి భోజనాలయ్యాక ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చూపించాను. కొద్దిసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత మా చిన్నమ్మాయి అడిగింది.

"నాన్నా, నీళ్లలో సైకిల్ తొక్కుతున్నావా?"

తొక్కుతున్నాను, కాదనడానికి లేదు. పక్కనే ఉన్న శిక్షకుడు పరిచిన చాపలా అడ్డంగా, నిశ్చలంగా ఉన్నాడు. నేను తల పైకి, కాళ్లు కిందికి, నడుం దగ్గర మడత పడి, రెండు చేతులతోనూ నీటిని జనసమ్మర్దంలా తోసుకుంటూ పోతున్నాను. పాదాలకు తొడిగిన ఫిన్స్ (ఈత రెక్కలు) కింద ఇసుక పొగలా లేస్తోంది. నా వెనుక వస్తున్న ఇద్దరు ఆ పొగలో మాయమై, కాసేపటికి చేతులు ఊపుకుంటూ బయటపడ్డారు.

ఇంతకీ నా వృత్తి జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ పాఠం చెప్పడం. మునిగిన వస్తువు మీద పనిచేసే ఉత్ప్లవన బలం గురించి 19 ఏళ్లుగా బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతున్నాను. ఆ బొమ్మలో చెక్కదిమ్మె ఎప్పుడూ బుద్ధిగా నిలుస్తుంది.

కోర్సు పాసయ్యాను. 18 మీటర్ల వరకూ దిగవచ్చని కార్డు కూడా చేతికొచ్చింది. కానీ ఆ 4 రోజుల్లోనూ ఏదో తేడాగా ఉందని నాకు తెలుస్తూనే ఉంది. మిగతావాళ్లకు 45 నిమిషాలు వచ్చిన గాలి నాకు 27 నిమిషాల్లో అయిపోయింది. తొడలు రెండు రోజులు పట్టేశాయి. అన్నిటికంటే విచిత్రం, కాళ్లు ఆడిస్తున్నంతసేపూ ఒకే లోతులో ఉన్నట్టే ఉండేది, ఏదైనా చేపను చూద్దామని ఆగితే చాలు, కిందికి జారేవాణ్ణి. నేను జారిన చోట పగడం ఉంటే దాని సంగతేమిటని అప్పుడు ఆలోచించలేదు. నా సంగతే నాకు సరిపోయింది.

వీడియోను నా పాత విద్యార్థికి పంపాను. తుమ్మలపెంట దగ్గరి మత్స్యకార కుటుంబం అతనిది. నా దగ్గర ఇంటర్ ఎంపీసీ చదివి, అండమాన్‌లో 3 ఏళ్లు పర్యాటకులను నీటి కిందికి తీసుకెళ్లే పని చేసి, ఇప్పుడు కృష్ణపట్నం వైపు ఒక కాంట్రాక్టరు దగ్గర ఓడల అడుగు భాగాలు, జెట్టీ స్తంభాలు పరీక్షించే పనిలో ఉన్నాడు. నా భంగిమ మీద ఏదైనా చమత్కారంగా అంటాడనుకున్నాను. అతను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"సార్, సీసం ఎన్ని కిలోలు కట్టారు?"

"10."

కాసేపు మాట లేదు. "మీ బరువు ఎంత సార్?"

"74."

"ఆదివారం వస్తాను. మీ మామయ్యగారి తోటలో బావి ఉందని చెప్పేవారు గదా, నీళ్లు ఉన్నాయా?"

ఆ 10 కిలోల కథ చెప్పాలి. మొదటి రోజు 6 కిలోలతోనే దిగాను. నీటి మీద నుంచి కిందికి పోవడం లేదు. శిక్షకుడు ఇంకో 2 తగిలించాడు. అయినా కష్టంగానే దిగాను. మరుసటి రోజు ఇంకో 2. మునగనివాడికి సీసం పెంచడం తేలిక, పడవలో ఇంకో ఏడుగురు ఎదురు చూస్తున్నప్పుడు మరీ తేలిక. ఆయన్ను పెద్దగా తప్పుపట్టను గానీ, ఎందుకు మునగడం లేదని ఒక్క నిమిషం ఆగి చూసి ఉంటే బాగుండేది. భయంతో ఊపిరితిత్తుల నిండా గాలి పట్టి ఉంచుతున్నాను. నాకు తెలియకుండానే కాళ్లు కింద తొక్కుతున్నాయి. ఒక లీటరు గాలి ఒక కిలో బరువును తేల్చగలదు. నిండు ఛాతీకీ మామూలు శ్వాసకూ మధ్య తేడా రెండు మూడు లీటర్లు సులభంగా ఉంటుంది. అంటే నేను మునగకపోవడానికి కారణం నా ఛాతీలో ఉంటే, మందు నడుముకు వేశారు.

మా మామ తోట ఉలవపాడు దగ్గర. 2022లో జిల్లాలు మార్చినప్పుడు ఆ మండలం నెల్లూరులోకి వచ్చింది, మామ మాత్రం ఆ తరువాత కూడా "మా ప్రకాశం జిల్లా" అనే అనేవాడు, మామిడికాయల విషయంలో అయితే మరీ పట్టుదలగా. తీరానికి దగ్గరగా ఇసుక నేలల్లో దొరువులు తవ్వుకుంటారు, వాటికి లోతు ఉండదు. మామ తోట కొంచెం ఎగువన ఉంది. రాతికట్టు బావి, ఒక పక్క మెట్లు. ఒకప్పుడు మోట తోలిన బావి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలే మాకు ప్రాణం. జనవరిలో ఆ బావిలో 5 మీటర్ల పైచిలుకు నీళ్లు ఉన్నాయి, పై రెండు మూడు మీటర్లు తేటగా. సముద్రం పక్కనే పెట్టుకుని బావికి ఎందుకు పోవాలని మా ఆవిడ అడిగింది. మైపాడులో గానీ తుమ్మలపెంటలో గానీ మోకాటి లోతులో నిలబడితే మన పాదం మనకు కనిపించదు. అలలు తోస్తాయి, ఇసుక తిరగబడుతుంది. ఒంటి తీరు దిద్దుకోవడానికి కదలని నీరు కావాలి.

మొదటి ఆదివారం శిష్యుడు నన్ను బావిలోకి దింపనే లేదు. వరండాలో బల్ల మీద బోర్లా పడుకోమన్నాడు. చేతులు ముందుకు చాచి, మోచేతులు కొద్దిగా వంచి, గడ్డం పైకెత్తి, పిరుదులు బిగించి, తొడలు బల్లతో సమానంగా, మోకాళ్లు లంబకోణంలో మడిచి, అరికాళ్లు ఆకాశం వైపు. అలా 2 నిమిషాలు. భుజంగాసనమూ ధనురాసనమూ రెండూ సగం సగం చేసి వదిలేసినట్టుంది. నిమిషానికే మెడ వెనుక నరం లాగడం మొదలైంది.

"తల దించితే ఏమవుతుంది?" అన్నాను.

"మీరు ఎటు చూస్తే ఒళ్లు అటు తిరుగుతుంది సార్. కిందికి చూస్తే నడుం వంగుతుంది, నడుం వంగితే మోకాళ్లు పడతాయి, అక్కడినుంచి సైకిలే."

సైకిల్ సంగతి అతనికి ఎవరు చెప్పారో నేను అడగలేదు. చిన్నమ్మాయి వేపచెట్టు కింద నవ్వుతోంది.

తరువాత కాళ్ల పని. చిన్నప్పటి నుంచి నాకు తెలిసిన ఈత కాళ్లను పైకీ కిందికీ కొట్టడమే. అడుగుకు దగ్గరగా ఉన్నప్పుడు అలా కొడితే నీరు కిందికి పోయి బురద లేపుతుంది. కప్ప తన్నినట్టు తన్నాలట. మోకాళ్లు మడిచే ఉంచి, పాదాలు బయటికి తిప్పి, అరికాళ్లతో నీటిని వెనక్కు నెట్టి, పాదాలు కలిపి, అలాగే సాగిపోవాలి. ఆ సాగిపోవడం ముఖ్యం. తన్ని, ఆగి, జారిన దూరం జారి, మళ్లీ తన్నాలి. నాకు ఆగడం చేతకావడం లేదు. బల్ల మీద కూడా కాళ్లు గబగబా ఆడుతున్నాయి.

ఇదంతా మెట్ల మీద చుట్ట కాలుస్తూ చూస్తున్న మామ, అతను సీసం పలకలు బయటికి తీయగానే లేచి వచ్చాడు.

"ఇది ఎక్కడ కట్టావురా అల్లుడూ?"

"నడుముకు మామా. బెల్టు."

"నీకు ఎనిమిదేళ్లప్పుడు ఇదే బావిలో నేను బెండు ఎక్కడ కట్టాను?"

నాకు గుర్తుంది. ఎండిన మునగ బెండు, కొబ్బరి తాడుతో వీపు మీద, నడుముకు కొంచెం పైన. ఊళ్లో పిల్లలందరూ అలాగే నేర్చుకున్నాం. మా పెద్దమ్మ కొడుకు ఒకడు తనంతట తాను తెలివిగా బెండును ముందుకు, పొట్ట మీదికి తిప్పి కట్టుకుని దూకాడు. బెండు ఎప్పుడూ పైకి పోతుంది. వాణ్ణి గిర్రున వెల్లకిలా తిప్పేసింది. ఇంకోసారి ఎవరికో ఛాతీకి కట్టారు, తల బాగానే తేలింది, కాళ్లు మాత్రం గంట కొట్టే నాలుకలా కిందికి వేలాడాయి. "ఛాతీని పట్టుకోవడానికి లోపల ఊపిరి ఉంది. బెండు కావాల్సింది కాళ్లు పడిపోయే చోట" అని మామ అప్పట్లో తాడు బిగిస్తూ చెప్పిన మాట.

నేను బల్ల మీద బోర్లా పడుకునే ఆ మాటను ఇటు తిప్పి చూసుకున్నాను. ఒంటిని తేల్చడానికి మామ బెండు కట్టిన చోటే, మునగడానికి నేను 10 కిలోల సీసం కట్టాను.

శిష్యుడు నవ్వి, పలక మీద గీసే అలవాటు నా దగ్గరే నేర్చుకున్నాడేమో, బొగ్గుతో వరండా గచ్చు మీద బొమ్మ వేశాడు. ఊపిరితిత్తులూ గాలి నింపిన జాకెట్టూ ఒంటి పై భాగంలో ఉంటాయి, అక్కడ బలం పైకి. సీసం నడుము దగ్గర, ఫిన్స్ పాదాల దగ్గర, అక్కడ బలం కిందికి. రెండు బలాలూ సమానమే, దిశలు వ్యతిరేకం, కానీ ఒకే గీత మీద లేవు. "ఇది బలయుగ్మం గదా సార్" అన్నాడు. అవును. రెండూ ఒకే నిలువు గీత మీదికి వచ్చేదాకా అది ఒంటిని తిప్పుతూనే ఉంటుంది. వచ్చేసరికి మనిషి నిటారుగా నిలబడి ఉంటాడు. నీళ్లలో ఒంటి మట్టాన్ని డైవింగ్ చేసేవాళ్లు ట్రిమ్ అంటారు. పడవలో సరుకును ముందుకూ వెనక్కూ సర్ది మట్టం చేయడానికి వాడే మాటే. సరుకంతా ఒక కొసన వేసి, పడవ ఎత్తిపోయిందని తెడ్డు వేసేవాణ్ణి తిడితే లాభం లేదు.

అసలు మెలిక ఆ తరువాత ఉంది. ఇది నాకు నిజంగా కొత్త. ఏటవాలుగా ఉన్నవాడు కాళ్లు ఆడిస్తే నీరు వెనక్కే కాదు, కిందికీ పోతుంది. అంటే ప్రతి తన్నూ మనిషిని కొంత పైకి నెడుతుంది. దాన్ని అణచడానికి ఒంటికి అదనపు బరువు కావాల్సి వస్తుంది, ఆ బరువు ఉన్నంతసేపూ తన్నుతూనే ఉండాలి. కదులుతున్నంతసేపూ లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది. ఆగితే నిజం బయటపడుతుంది. నేను చేపను చూద్దామని ఆగినప్పుడల్లా జారింది అందుకే. పైగా అవసరానికి మించిన 4 కిలోలను తేల్చడానికి జాకెట్టులో 4 లీటర్ల గాలి నింపాలి. ఏటవాలు ఒంట్లో ఆ గాలి భుజాల వైపు చేరి తలను ఇంకా పైకి లేపుతుంది. కొద్దిగా పైకి పోతే పీడనం తగ్గి అదే గాలి వ్యాకోచించి ఇంకా పైకి లాగుతుంది. 10 మీటర్ల లోతున ఉన్న 4 లీటర్లు ఉపరితలానికి వచ్చేసరికి 8. కోర్సులో నా బొటనవేలు జాకెట్టు మీటల మీదనుంచి లేవలేదంటే లేవలేదు మరి, గాలి నింపడం, వదలడం, నింపడం.

గాలి తొందరగా ఎందుకు అయిపోయిందో కూడా అక్కడే తేలింది. నీరు గాలి కంటే సుమారు 800 రెట్లు చిక్కన. అడ్డంగా ఉన్నవాడి తలా భుజాలూ మాత్రమే దాన్ని చీల్చుకుంటూ పోతాయి. నేను ఛాతీ, పొట్ట, తొడలు అన్నిటితోనూ నీటిని నెట్టుకుంటూ పోయాను, ఈదురుగాలికి ఎదురుగా చాటను నిలువుగా పట్టుకుని నడిచినట్టు. దానికి ఆయాసం. 12 మీటర్ల దగ్గర ప్రతి శ్వాసకూ గట్టు మీద పట్టేదానికి రెట్టింపు కంటే ఎక్కువ గాలి ఖర్చవుతుంది, ఆయాసపు శ్వాస అయితే చెప్పనక్కరలేదు.

రెండో ఆదివారం నీళ్లలో. చెన్నైలో నింపించిన సిలిండర్లు రెండు తెచ్చాడు. దిగేముందు ఒకటే షరతు పెట్టాడు: ఊపిరి బిగపట్టకూడదు, ఎప్పుడూ, ఎంత తక్కువ లోతులోనైనా. 5 మీటర్ల లోతున నింపుకున్న ఊపిరి పైకి వచ్చేసరికి ఒకటిన్నర రెట్లు అవుతుంది, ఊపిరితిత్తి తట్టుకోదు. బావే గదా అని నేను నవ్వితే అతను నవ్వలేదు. అతను నీళ్లలో లేకుండా నేను మెట్టు దిగకూడదన్నది రెండో మాట. మామ మోటారు ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు.

బరువు తూచుకునే పద్ధతి ఇది. జాకెట్టులో గాలి మొత్తం వదిలేయాలి. సిలిండర్ గాలి అందించే రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని, మామూలు శ్వాస తీసుకుని ఒక్క క్షణం నిశ్చలంగా ఉండాలి. నీటి మట్టం కళ్ల దగ్గర ఉండాలి. ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. మునగకపోతే బరువు చాలదు, ఊపిరి నిండా ఉన్నా మునిగిపోతే ఎక్కువ. వినడానికి ఇంతే. నేను మాత్రం నిశ్చలంగా ఉండలేకపోయాను. ఉన్నాననే అనుకున్నాను.

"కాళ్లు ఆడుతున్నాయిరా!" అని మామ మెట్ల మీదనుంచి కేక.

"లేదు మామా!"

"నాకు కనపడుతున్నాయి, నీకు కనపడటం లేదు."

చివరికి చీలమండలు ఒకదాని మీద ఒకటి వేసి, కట్టేసినట్టు పెట్టుకోమన్నాడు శిష్యుడు. అలా పెట్టి, ఊపిరి పూర్తిగా వదిలాను. బావి గోడ రాళ్లు ఒక్కొక్కటే పైకి పోవడం మొదలుపెట్టాయి. మునిగేది నేనేనని అర్థం కావడానికి రెండు రాళ్లు పట్టింది. అప్పటికి నా ఒంటి మీద ఉన్నది 5న్నర కిలోలు, అదీ ఎక్కువే. సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు దాంట్లో గాలి బరువే రెండున్నర కిలోల పైన ఉంటుంది, డైవ్ చివరికి అందులో సుమారు 2 కిలోలు ఊదేస్తాం. కాబట్టి సిలిండర్ ఖాళీ అవుతున్నప్పుడు తూచుకోవాలి. ఆ రోజు చివర్లో సిలిండర్ పీడనం 50 బార్లకు దిగాక మళ్లీ తూస్తే 3న్నర కిలోలతో సరిగ్గా కళ్ల దగ్గర ఆగింది నీరు.

మంచినీటి లెక్క సముద్రానికి పనికిరాదు, ఉప్పునీరు రెండున్నర శాతం బరువు. నేనూ నా సామానూ కలిపి సుమారు 100 కిలోలు, అంటే సముద్రంలో ఇంకో రెండున్నర కిలోలు కలపాలి. 6. మొదటి రోజు పుదుచ్చేరిలో కట్టిన 6 కిలోలు సరైనవే! మిగతా 4 నా భయానికి కట్టిన తూకం.

ఆ 3న్నర కిలోలను ఎక్కడ పెట్టాలన్నది తరువాతి సమస్య. 2 కిలోలు నడుముకు ఉంచి, కిలోన్నరను సిలిండర్ పై పట్టీకి, భుజాల మధ్యకు మార్చాలనుకున్నాం. డైవింగ్ సీసం పలకలు అక్కడ ఇమడలేదు. అత్తయ్య మామ పాత ప్యాంటు కాలు కత్తిరించి రెండు చిన్న సంచులు కుట్టింది. జువ్వలదిన్నె వైపు వలలు అమ్మే కొట్లో తెచ్చిన సీసం గుళ్లు వాటిలో పోసి, మూతి కుట్టి, పట్టీకి దూర్చాం. సిలిండర్‌ను కూడా జాకెట్టులో రెండు అంగుళాలు పైకి జరిపాం. మరీ జరిపితే తల ఎత్తినప్పుడు వెనక వాల్వుకు కొట్టుకుంటుంది, నాకు రెండుసార్లు కొట్టుకుంది.

ఇక తేలుతూ నిలవడం. బావిలోకి రాయి కట్టిన తాడు వేలాడదీసి, 2 మీటర్ల దగ్గర ఒక ముడి వేశాడు. ఆ ముడిని ముక్కుకు ఎదురుగా ఉంచుకుని 3 నిమిషాలు ఉండాలి. చేతులు ఆడించకూడదు, జాకెట్టు మీట ముట్టకూడదు, ఊపిరితోనే. మొదటిసారి ముడి నా కళ్ల ముందునుంచి కిందికి జారిపోయింది. అంటే నేను లేస్తున్నాను. కంగారుగా ఊపిరి వదిలాను. ఏమీ జరగలేదు. ఇంకా వదిలాను. అప్పుడు ముడి వచ్చింది, ఆగకుండా పైకి పోయింది. నేను అడుగున పడ్డాను.

ఆ అడుగున ఎన్ని ఏళ్ల మామిడాకులో. నల్లగా, మెత్తగా, మోచెయ్యి దిగబడిపోయింది. కళ్ల ముందు బావి కాఫీ డికాక్షన్ అయిపోయింది. శిష్యుడి చెయ్యి నా భుజం పట్టి పైకి తెచ్చేదాకా నా గాలి బుడగల చప్పుడు తప్ప ఏమీ లేదు. గట్టు మీద మామ మొహం చూడాలి. ఆ బురద ఫుట్ వాల్వులోకి పోతే మోటారు నీళ్లెత్తదు. నిమ్మచెట్లకు ఆ పూట తడి లేదు. నీరు తేరుకోవడానికి సాయంత్రమైంది. ఒక్క మోచేతికి ఇంత జరిగితే, పుదుచ్చేరిలో నా ఫిన్స్ ఎంత చేసి ఉంటాయో అని మొదటిసారి సిగ్గుపడ్డాను.

ముడి నాకు నేర్పింది ఆలస్యం. ఊపిరి తీయగానే లేవం, వదలగానే దిగం. ఒక సెకను, సెకనున్నర పడుతుంది. ఆ వ్యవధిలో ఓపిక పట్టలేనివాడు రెండోసారి, మూడోసారి సవరించి అటూ ఇటూ ఊగిపోతాడు. దానికి తోడు, నిలువుగా ఉన్న ఒళ్లు నీటిలో గునపంలా సర్రున జారుతుంది, అడ్డంగా ఉన్నది విస్తరాకులా నెమ్మదిగా దిగుతుంది. ఆ నెమ్మదే సవరించుకోవడానికి సమయం ఇస్తుంది. మూడో ఆదివారానికి ముడి నా నుదుటికీ గడ్డానికీ మధ్యనే తిరగడం మొదలుపెట్టింది.

ఆ బావిలో రెండు కొరమేనులు ఉన్నాయి, మామ ఎప్పుడో వదిలినవి. మొదట్లో నన్ను చూసి రాళ్ల సందుల్లోకి పోయేవి. ముడి ముందు కదలకుండా ఉన్న ఆ రోజు ఒకటి నా ఎడమ చెయ్యికి బారెడు దూరంలోకి వచ్చి ఆగింది. మోచెయ్యంత పొడవు. చెవుల దగ్గరి చిన్న రెక్కలు మాత్రం విసనకర్రలా మెల్లగా ఆడుతున్నాయి, తోక కొస సన్నగా వణుకుతోంది. మిగతా ఒళ్లు దూలంలా నిశ్చలం. కాసేపటికి మెల్లగా పైకి పోయి, నీటి మీద ఒక గుక్క గాలి మింగి, మళ్లీ అదే లోతుకు వచ్చి అదే చోట నిలిచింది. ఎంత గాలి మింగిందో, ఎంత వదిలిందో, ముడి అవసరం లేకుండానే దానికి తెలుసు. నేను దాన్ని చూస్తూ మెడ పక్కకు తిప్పాను, అంతే, ఒళ్లంతా కుడివైపుకు ఒరిగింది. ఒక సంచిలో నాలుగు గుళ్లు ఎక్కువ పడ్డాయని తరువాత లెక్కపెడితే తేలింది.

ఇంకో తప్పూ జరిగింది. డైవ్ చివర్లో కాళ్లు పైకి లేవడం మొదలై, తల కిందికి పోయింది. అల్యూమినియం సిలిండర్ ఖాళీ అయ్యేకొద్దీ నీటిలో తేలడం మొదలుపెడుతుంది, దాని అడుగు భాగం ముందు లేస్తుంది. నేను ఉత్సాహంలో భుజాల దగ్గర ఎక్కువ పెట్టేశాను. అర కిలో మళ్లీ నడుముకు దించాం. మోకాలి మడత కొంచెం విప్పితే మిగతాది సరిపోయింది. కాళ్లు చాపితే కాళ్ల వైపు బరువు, మడిస్తే తల వైపు, చేతులు చాపితే ఇంకా తల వైపు. తరాజు ముల్లు ఒంట్లోనే ఉంది.

"నువ్వు రేవులో ఇలాగే ఉంటావా?" అని అడిగాను శిష్యుణ్ణి ఒకసారి.

"లేదు సార్. అక్కడ ఏమీ కనపడదు, చేత్తో తడుముకోవాలి. స్తంభాన్ని పట్టుకుని నిలబడాలి, నీటి వాలు తోసేస్తుంది. నాకు బరువు కావాలి, ఎక్కువే కట్టుకుంటాను. నేను పనికి దిగుతాను, మీరు చూడటానికి దిగుతారు."

మార్చి మొదటి వారంలో మళ్లీ పుదుచ్చేరి వెళ్లాను. పడవలో బెల్టు ఇచ్చే కుర్రాడు నన్ను ఒకసారి ఎగాదిగా చూసి 10 కిలోలు అందించాడు. 6 చాలన్నాను. మునగరన్నాడు. ఇద్దరం కాసేపు మర్యాదగా పోట్లాడుకున్నాం. అత్తయ్య కుట్టిన సంచులు చూసి అతనికి నవ్వొచ్చింది కూడా. నీటి మీద చీలమండలు పెనవేసి, ఊపిరి వదిలాను. పడవ అడుగు కళ్ల ముందుగా పైకి పోయింది.

అంతా సవ్యంగా జరిగిందని చెప్పను. మొదటి 10 నిమిషాలు పాత సైకిలే. నీటి కింద కంగారు పడ్డవాడు నిలబడాలని చూస్తాడు, నేల మీద మనకు ఉన్న అలవాటు అది. ఒక పెద్ద టేకు చేప (స్టింగ్‌రే) ఇసుకలోంచి దులుపుకుని లేచినప్పుడు నేను మళ్లీ నిటారు అయిపోయాను. కానీ ఇప్పుడు నిలబడ్డానని తెలుస్తోంది. గడ్డం ఎత్తి, మోకాళ్లు మడిచి, చేతులు చాపి, ఒక శ్వాస ఆగితే ఒళ్లు తనంతట తానే అడ్డం తిరుగుతోంది. ఒక రాతి గుట్ట పక్కన ఆగి చూశాను. జారలేదు. పైకి వచ్చేముందు 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి. కిందటిసారి ఆ 3 నిమిషాలు తాడు పట్టుకుని వేలాడాను. ఈసారి తాడు పక్కనే ఉంది, ముట్టుకోలేదు. మొత్తం 44 నిమిషాలు, సిలిండర్‌లో ఇంకా 60 బార్లు.

ఈసారి వీడియోను ఉలవపాడులోనే చూశాం, అందరం వరండాలో, అదే బల్ల మీద కూర్చుని. మామ కళ్లజోడు తుడుచుకుని ఫోను చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు. తరువాత ఫోనును అరచేతి మీద రెండుసార్లు తట్టాడు.

"ఆగిపోయినట్టుందిరా ఇది."

చిన్నమ్మాయి వంగి చూసి, "ఆగలేదు తాతయ్యా. బుడగలు పోతున్నాయి చూడు" అంది.